డైసైనోడాంట్లు: గోదావరి లోయలో క్షీరదాల దూరపు బంధువులు

డైసైనోడాంట్లు ఎప్పుడో అంతరించిపోయిన శాకాహార జంతువులు. తాబేలుకున్నట్టు గట్టి కొమ్ముముక్కు, పై దవడ నుంచి కిందికి దిగిన రెండు కోరలు వీటి గుర్తు. చాలా జాతులకు ఆ కోరలు తప్ప వేరే పళ్లే ఉండవు. కింది దవడ ముందుకూ వెనక్కూ జరుగుతూ ఆకునూ కాండాన్నీ కోసేది. వీటిలో బొరియల్లో బతికిన చిన్న ప్రాణులున్నాయి. పోలండ్‌లో దొరికిన లిసోవిసియా అయితే ఏనుగంత ఉండేది. పెర్మియన్ యుగంలో మొదలై, సుమారు 25 కోట్ల ఏళ్ల కిందటి మహావినాశనాన్ని తట్టుకుని, ట్రయాసిక్ చివరి దాకా నిలిచాయి.

వీటిని ఏ వర్గంలో చేర్చాలన్న చర్చ నూరేళ్లకు పైగా సాగింది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పుర్రెలను లండన్‌లో పరిశీలించిన రిచర్డ్ ఓవెన్ 1845లో ‘డైసైనోడాన్’ అని పేరు పెట్టాడు. బల్లి పోలికలూ తాబేలు పోలికలూ కలగలిసి ఉండటంతో సరీసృపమే అనుకున్నాడు. 1903లో హెన్రీ ఆస్బర్న్ సినాప్సిడా అనే వర్గాన్ని, 1905లో రాబర్ట్ బ్రూమ్ థెరాప్సిడా అనే వర్గాన్ని ప్రతిపాదించారు. అయినా పాఠ్యపుస్తకాలు ‘క్షీరదాలను పోలిన సరీసృపాలు’ అనే మాటను చాలాకాలం వదల్లేదు. వంశవృక్షం ఆధారంగా వర్గీకరించే పద్ధతి వచ్చాక లెక్క తేలింది. సరీసృపాల శాఖా, క్షీరదాల వైపు సాగిన సినాప్సిడ్ శాఖా 30 కోట్ల ఏళ్లకు ముందే విడిపోయాయి. డైసైనోడాంట్లు ఈ రెండో శాఖవి. అలాగని మన పూర్వీకులూ కావు. క్షీరదాలు సైనోడాంట్ల నుంచి వచ్చాయి. డైసైనోడాంట్లు వాటికి జ్ఞాతులు.

భారతదేశంలో వీటి చరిత్ర దామోదర్ లోయలో మొదలవుతుంది. అక్కడి పాంచెట్ పొరల్లో దొరికిన ఎముకలను 1865లో థామస్ హక్స్‌లీ వర్ణించాడు. అది ఇప్పుడు లిస్ట్రోసారస్ అంటున్న జంతువు. 1969లో అదే జంతువు అంటార్కిటికాలోనూ బయటపడటంతో భారతదేశం, అంటార్కిటికా వంటి భూభాగాలు ఒకప్పుడు కలిసే ఉన్నాయన్న వాదానికి గట్టి బలం చేకూరింది.

తెలుగు నేల సంగతికొస్తే, శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో ఇలాంటివి దొరకవు. అక్కడి ఖోండలైట్, చార్నొకైట్ శిలలు భూగర్భపు వేడికీ ఒత్తిడికీ రూపు మారినవి, ఎముకలున్న జంతువులు పుట్టడానికి ఎంతో ముందటివి. వీటి జాడ చూడాలంటే ప్రాణహిత–గోదావరి లోయకు, ఇప్పటి మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాలకు వెళ్లాల్సిందే.

ఆ లోయలోని డైసైనోడాంట్ల గురించి ప్రపంచానికి చెప్పింది ఒక గణాంక సంస్థ! కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు దాని స్థాపకుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1957లో లండన్ నుంచి పురాజీవ శాస్త్రవేత్త పామెలా రాబిన్సన్‌ను ఆహ్వానించాడు. అలా ఏర్పడ్డ భూవిజ్ఞాన విభాగం దశాబ్దాల పాటు ఇక్కడ తవ్వకాలు జరిపింది. టి.ఎస్. కుట్టి 1972లో ‘నేచర్’ పత్రికలో కుందారం పొరల పెర్మియన్ జంతువులను పరిచయం చేశాడు. వాటిలో ఒకదానికి 2000లో సంఘమిత్ర రే ‘ఎండోథియోడాన్ మహలనోబిసి’ అని పేరు పెట్టారు. దీని దగ్గరి బంధువులు దక్షిణాఫ్రికా, టాంజానియా, బ్రెజిల్‌లలో దొరికాయి.

ఇంతకన్నా పెద్ద కథ అదే లోయలోని ఎర్రపల్లి పొరలది. మధ్య ట్రయాసిక్ కాలపు ఎర్రమట్టి రాళ్ల నుంచి తపన్ రాయ్‌చౌధురి 1970లో రెండు కొత్త డైసైనోడాంట్లను వర్ణించాడు. ఒకటి భూగర్భ శాస్త్రవేత్త డి.ఎన్. వాడియా పేరు మీద వాడియాసారస్ ఇండికస్, రెండోది రేచిని ఊరి పేరు మీద రెక్నిసారస్. వాడియాసారస్ ఎముకలు ఒకేచోట అనేక జంతువులవి, పిల్లలవి కూడా, కుప్పగా దొరికాయి. ఇవి మందలుగా తిరిగేవన్న అభిప్రాయానికి అదే ఆధారం. కోట్ల ఏళ్ల కిందటి ప్రాణుల నడవడి గురించి ఇంత చెప్పగల చోట్లు అరుదు.

అదే లోయలో, ఇంకా పైనున్న మాలేరి పొరల్లో, సైనోడాంట్ శాఖ కూడా ఉంది. శంకర్ ఛటర్జీ 1982లో దానికి పెట్టిన పేరు ఎక్సెరెటోడాన్ స్టాటిస్టికే. గణాంక సంస్థకు అది గౌరవం. ఆపైన, జురాసిక్ కాలపు కోట పొరల్లో, తొలి క్షీరదాల పళ్లే ఉన్నాయి. పి.ఎం. దత్తా 1981లో వర్ణించిన కోటథీరియం వాటిలో ఒకటి. అంతరించిన శాఖ, దాని జ్ఞాతి శాఖ, చివరికి క్షీరదాలు: మూడూ ఒకే లోయ రాళ్లలో.

కోట పొరల డైనోసార్ కోటసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలు కళ్లారా చూస్తున్నారు. ఎర్రపల్లి వాడియాసారస్ కూడా, కనీసం నమూనాగానైనా, తెలుగు మ్యూజియంలలో నిలబడాలి.