జ్ఞానం మనకేమవుతుంది?

నరసరావుపేటలో మా ఇంట్లో రాత్రి భోజనాలకు ముందు బైబిలు చదివే పని అక్కది. సామెతల గ్రంథం ఏడో అధ్యాయం వచ్చినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. జ్ఞానాన్ని ‘అక్కా’ అని పిలవమంటుంది అక్కడ. “విన్నావుగా, ఇకనుంచి నా మాట విను” అనేది అక్క.

ముప్పై దాటాక ఆ గ్రంథం మళ్ళీ చదువుతూ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. హీబ్రూ మూలంలో ఉన్నది సోదరి అని మాత్రమే. పెద్దదో చిన్నదో చెప్పదు. తెలుగులో అలా కుదరదు, అక్కో చెల్లో తేల్చాలి. మన పాత అనువాదం అక్క అని తేల్చింది. చెల్లికైతే మనం చెబుతాం, అక్క చెబితే వింటాం. ఒక్క వరసతో అనువాదకులు చిన్న వ్యాఖ్యానమే రాసేశారు.

హీబ్రూలో జ్ఞానానికి మాట ‘హొఖ్మా’, గ్రీకులో ‘సోఫియా’. రెండూ స్త్రీలింగాలే. సామెతల మొదటి 9 అధ్యాయాల్లో ఆ స్త్రీ వీధుల్లో, పట్టణపు గవినుల దగ్గర నిలబడి కేకేస్తుంది. ఏడు స్తంభాల ఇల్లు కట్టి, పనికత్తెలను పంపి విందుకు పిలుస్తుంది. సృష్టికి ముందే దేవుడి దగ్గర ఉన్నానంటుంది. తెలుగులో మాత్రం ‘జ్ఞానం’ నపుంసకలింగం. అయితే మన క్రియ చూడండి: జ్ఞానం పిలిచింది, అక్క పిలిచింది. రెంటికీ ఒకటే రూపం. కాబట్టి తెలుగు పాఠకుడు అక్కడ ఒక స్త్రీని చూడనూవచ్చు, చూడకుండా దాటిపోనూవచ్చు.

ఎనిమిదో అధ్యాయంలో ఆమె ఇంకో పెద్ద మాట అంటుంది: రాజులు ఏలుతున్నది తనవల్లేనని. అది చదవగానే పల్నాటివాడికి గుర్తొచ్చేది గురజాల. 12వ శతాబ్దంలో అక్కడ నలగామరాజుకు మంత్రి నాయకురాలు నాగమ్మ. 1966 సినిమాలో భానుమతి వేసిన పాత్ర. ఆ గురజాలకే 1849లో అమెరికన్ లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ బైబిలు పట్టుకుని మకాం మార్చాడు. అలా ఒకే ఊళ్ళోకి ఆలోచన చెప్పే ఆడవాళ్ళు ఇద్దరు చేరారు, కథలో ఒకరు, గ్రంథంలో ఒకరు. గ్రంథంలో ఆవిడకు దండాలు, కథలో ఈవిడకు తిట్లు.

సామెతల్లో బుద్ధిహీనత కూడా స్త్రీయే. తొమ్మిదో అధ్యాయంలో ఆమె కూడా ఎత్తైన చోట కూర్చుని దారినపోయేవాళ్ళను పిలుస్తుంది. మనవాళ్ళు నాగమ్మను ఆ పీటమీదే కూర్చోబెట్టారు. కోడిపందెం, మాచర్ల వాళ్ళ వనవాసం, కారెంపూడి నెత్తురు, అన్నీ ఆవిడ ఖాతాలోనే. ఆవిడ తప్పేమీ లేదనడం లేదు. యుద్ధానికి రెండు పక్షాలుంటాయి కదా, అటు బ్రహ్మనాయుడి ఎత్తులకు రాజనీతి అని పేరు, ఇటు ఈవిడ ఎత్తులకు కుట్ర అని పేరు. జ్ఞానం గాల్లో ఉన్నంతసేపే మనకు స్త్రీగా ముద్దు. ఎదురుగా కూర్చుని సలహా చెబితే కష్టం.

ఇదంతా ఎక్కడో చరిత్రలో జరిగిందని రాసి ముగిద్దామనుకున్నాను. కుదరలేదు. ఇద్దరి ఫీజులు కట్టలేక ఇంటర్‌తో అక్క చదువు ఆపేశారు, నేను ఇంజనీరింగ్ చేశాను. పోయిన సంక్రాంతికి ఇల్లు అమ్మాలా వద్దా అని మాట్లాడుకుంటుంటే అక్క ఏదో చెప్పబోయింది. “ఇవన్నీ నీకెందుకు” అని ఎవరో అడ్డుపడ్డారు.

ఎవరో ఏమిటి, నేనే.