చిత్రానికి చిరునామా: అమరావతి చిత్రసంచయాల నుండి డిజిటల్ సంచయం దాకా

కీలకపదాలు: అమరావతి, దీపాలదిన్నె, మెకంజీ సంచయం, ఛాయాచిత్ర వివరణ, పార్శ్వ వర్గీకరణ, తెలుగు ట్యాగులు

ఉపోద్ఘాతం

తెలుగు భాషాచరిత్ర పాఠాలు తరచుగా అమరావతి శిలాశకలం ప్రస్తావనతో మొదలవుతాయి. దానిపై 'నాగబు' అన్న మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. అది స్వతంత్రమైన తెలుగు పదమా, విరిగిన పేరులో మిగిలిన భాగమా అన్న చర్చ తరువాత సాగింది. ఈ చర్చకు అక్షరాల రూపం ఒక్కటే ఆధారం కాదు. శిల ఏ అంచున విరిగింది, అక్షరాల తరువాత ఖాళీ ఉందా, ఆ ముక్క పక్కన మరే ముక్క ఉండేది అన్న సంగతులు కూడా తెలియాలి. అక్షరాల మేరకే కత్తిరించిన ఛాయాచిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేదు.

నేడు తెలుగు పరిశోధకులు తాళపత్రాలను, శాసనాలను, పాత పత్రికలను ఫోనుతోనే వేల సంఖ్యలో చిత్రిస్తున్నారు. వాటిని క్రమంలో పెట్టి, వివరణ రాసి, ట్యాగులు తగిలించడం తీరిక ఉన్నప్పుడు చేసుకునే పనిగానే చాలామంది భావిస్తున్నారు. వివరణ చిత్రానికి అనుబంధం కాదనీ, ఆధారంలో అది సగమనీ అమరావతి చిత్రాల చరిత్ర సాయంతో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గీసిన చిత్రాలు, రాసిన మాటలు

18వ శతాబ్ది చివరలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త నగరం కట్టించే కాలంలో దీపాలదిన్నెను రాళ్ల కోసం తవ్వారు. ఆ వార్త తెలిసి కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. 1816లో మళ్లీ వచ్చి, తన చిత్రకారులచేత శిల్పాలను గీయించాడు. ఆయన మరణానంతరం హెచ్.హెచ్. విల్సన్ 1828లో ప్రకటించిన సూచిక మెకంజీ సంచయంలో 2,630 చిత్రాలు, 8,076 శాసన ప్రతులు ఉన్నట్లు లెక్కకట్టింది. స్థానిక చరిత్రలను, కైఫీయతులను సేకరించి సంచయాన్ని నిలబెట్టింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగువారు. మెకంజీ తరువాత ఆ పనిని కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరినా అవకాశం దక్కలేదు. సంచయంలోని రాతప్రతుల పరిశీలన చివరికి విలియం టేలర్ చేతికి వెళ్లింది. సేకరించినవారి ఎరుక వివరణలోకి చేరకుండా జారిపోయిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

అమరావతి చిత్రాల విషయంలో మాత్రం కొంత మేలు జరిగింది. పలు చిత్రాల కింద గీసిన తేదీ, శిల ఉన్న చోటు రాసి ఉన్నాయి. ఆనాడు గీసిన శిలల్లో చాలా వరకు తరువాత కనబడకుండా పోయాయి. వాటికి నేడు ఆ గీతలే రూపం. ఆ కింది రెండు పంక్తులే స్తూపంలో వాటి స్థానానికి సాక్ష్యం.

ఒక శిల, అనేక సంఖ్యలు

1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి పెద్ద సంఖ్యలో శిలలను మద్రాసుకు చేర్చాడు. అయితే ఏ శిల దిబ్బలో ఏ చోట దొరికిందో తెలిపే వివరమైన నివేదిక వెలువడలేదు. 1856లో టేలర్ వాటిపై ఒక నివేదిక రాశాడు. 1858లో మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు లీనియస్ ట్రైప్ వాటిని కెమెరాతో చిత్రించాడు. మరుసటి సంవత్సరం శిలలను లండన్‌కు పంపారు. అక్కడ కొన్నేళ్లు మరుగున పడి ఉన్నవాటిని 1867లో జేమ్స్ ఫెర్గూసన్ వెలికి తెచ్చి, 1868లో తన గ్రంథంలో ఛాయాచిత్రాలతో ప్రకటించాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి మారాయి. 1954లో డగ్లస్ బారెట్, 1992లో రాబర్ట్ నాక్స్ వేరువేరు సూచికలు ప్రకటించారు.

ఫలితంగా ఒకే శిలకు ఫెర్గూసన్ గ్రంథంలో ఒక ఫలకసంఖ్య, బారెట్ వద్ద మరొక సంఖ్య, నాక్స్ వద్ద ఇంకొకటి, మ్యూజియం నమోదులో వేరొకటి ఏర్పడ్డాయి. వీటిని కలిపే పట్టిక చేతిలో లేని పరిశోధకుడు ఒకే శిలను రెండు శిలలుగా లెక్కించే ప్రమాదం ఉంది. ట్రైప్ చిత్రాలలో స్పష్టతకు లోటు లేదు. అయినా దొరికిన చోటు అన్న సమాచారాన్ని కెమెరా తిరిగి పుట్టించలేకపోయింది. మెకంజీ చిత్రకారుడి గీత కెమెరా అంత ఖచ్చితం కాకపోవచ్చు. కానీ దానికి చిరునామా ఉంది. ఈ రెండు సంచయాల పోలిక మనకు నేర్పవలసిన ప్రధానాంశం ఇదే.

పార్శ్వాల ఆలోచన

ఒక వస్తువును ఒకే అరలో పెట్టాలన్న నియమం నుండి గ్రంథాలయశాస్త్రాన్ని విడిపించినవాడు ఎస్.ఆర్. రంగనాథన్. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఆయన 1933లో కోలన్ వర్గీకరణను ప్రకటించారు. విషయాన్ని పార్శ్వాలుగా విడదీసి మళ్లీ కూర్చడం ఆ పద్ధతి సారం. తరువాతి కాలంలో ఆయన ఆ పార్శ్వాలను వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం అని ఐదుగా స్థిరపరిచారు. నేటి ట్యాగు చేసే పనికి ఇది దగ్గరి బంధువు. ఫోల్డరు అర వంటిది, చిత్రం ఒక్క దానిలోనే ఉంటుంది. ట్యాగు పార్శ్వం వంటిది, ఒకే చిత్రం 'సున్నపురాయి', 'అమరావతి', 'బ్రాహ్మీ లిపి', 'మద్రాసు నుండి లండన్‌కు తరలింపు' అన్న నాలుగు దారుల్లోనూ దొరుకుతుంది.

తెలుగు ట్యాగుల చిక్కులు

1995లో వచ్చిన ఎగ్జిఫ్ ప్రమాణం ప్రకారం డిజిటల్ కెమెరా తేదీ, సమయం, కటక వివరాలను చిత్రంలోనే నమోదు చేస్తుంది. కెమెరాకు తెలిసేది తాను తీసిన క్షణమే, తీసిన వస్తువు కాలం దానికి తెలియదు. అమరావతి శిల చిత్రంలో నిన్నటి తేదీ ఉంటుంది, శాతవాహన కాలం ఉండదు. పైగా సందేశాల యాప్‌ల ద్వారా పంపిన చిత్రాలలో ఈ వివరాలు తరచుగా తొలగిపోతాయి. ఇక యంత్రమే ట్యాగులు ఇచ్చే సదుపాయాలు 'శిల్పం' అని చెప్పగలవు. ఏ సూచికలో ఎన్నో శిల్పమో చెప్పవలసినది పరిశోధకుడే.

మన భాష విషయంలో మరికొన్ని చిక్కులున్నాయి. గుడి, కోవెల, దేవళం, ఆలయం అని నలుగురు నాలుగు ట్యాగులు రాస్తే వెతుకులాట నాలుగు ముక్కలవుతుంది. పర్యాయపదాలను వర్గాలుగా కూర్చిన అమరకోశం, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం మన సంప్రదాయంలోనే ఉన్నాయి. ఒక పదాన్ని ప్రధానంగా ఎంచుకొని మిగిలినవాటిని దానికి ముడిపెట్టే నియంత్రిత పదపట్టికకు అవి మంచి పునాది. శకటరేఫ, అరసున్నల భేదం కూడా యంత్రానికి వేరు పదాన్నే సూచిస్తుంది: 'ఏఱు' అని వెతికితే 'ఏరు' దొరక్కపోవచ్చు. యూనికోడ్‌కు ముందు తరం ఖతులలో టైపు చేసిన వివరణలు నేటి తెరపై అర్థంలేని అక్షరాలుగా మిగులుతున్నాయి. జిల్లాల పేర్లూ స్థిరం కావు. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అందుచేత జిల్లాను మాత్రమే రాసి ఊరును వదిలేసిన ట్యాగు పదేళ్లు కూడా నిలవకపోవచ్చు.

ముగింపు

అమరావతి అనుభవాన్ని బట్టి కొన్ని నియమాలు సూచించవచ్చు. మొదటి చిత్రం వస్తువు మొత్తానిదై ఉండాలి, అంచులు కనబడాలి, కొలబద్ద పక్కన ఉండాలి. అక్షరాల దగ్గరి చిత్రాలు ఆ తరువాతే. ఊరు, వస్తువు, ప్రతిసంఖ్య రాసిన చీటీని ప్రతి వరుసకూ ముందు చిత్రించాలి. పాత సూచికలలోని సంఖ్యలన్నీ వివరణలో చేర్చాలి. వివరణను అదే రోజున, వస్తువును చూపినవారి మాట చెదరకుండా, వారు అంగీకరిస్తే వారి పేరుతో సహా రాయాలి. లక్ష్మయ్య విషయంలో జరిగినది మనవల్ల మళ్లీ జరగకూడదు. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు సిద్ధాంతగ్రంథంతో పాటు వివరణ గల చిత్రసంచయాన్ని కూడా స్వీకరించి భద్రపరచడం మొదలుపెడితే ఈ శ్రమ ఒక్కరి గదికే పరిమితం కాదు. 'నాగబు' వంటి చర్చ మరొకటి లేచిన నాడు రాబోయే పరిశోధకునికి మన చిత్రాలు అక్షరాలతో పాటు శిల విరిగిన అంచును కూడా చూపగలగాలి.