బ్యాండు మేళం, బాల్కన్ మేళం

మిల్టన్‌లో కారెక్కగానే ఈమధ్య నేను పెట్టేది ఫన్‌ఫారె చోకర్లియా. రొమేనియాలో జెచె ప్రజీన్ అనే పల్లెటూరి రోమాల బ్యాండు. వింటే అచ్చం మన పెళ్ళి ఊరేగింపే, కాకపోతే మూడింతల వేగం!

పోలిక ఊరికే రాలేదండీ. రెండూ పటాలాల్లో పుట్టినవే. బాల్కన్ దేశాలనేలిన టర్కీ సుల్తాను రెండో మహమూద్ 1826లో జానిసరీ సైన్యాన్నీ, దాని పాత మెహ్తర్ మేళాన్నీ రద్దు చేశాడు. కొత్త బ్యాండుకి తర్ఫీదివ్వడానికి 1828లో ఇటలీ నుంచి జుసెప్పె డోనిజెట్టి వచ్చాడు. అలాంటి సైనిక బ్యాండ్ల బూరలే మెల్లగా రోమాల చేతికొచ్చి పెళ్ళిళ్ళకీ చావులకీ మోగాయి. మన దగ్గర ఆ పని తెల్లదొరల పటాలాలు చేశాయి. మన బ్యాండువాళ్ళ ఎర్రకోట్లు, భుజాల మీది జరీకుచ్చులు అక్కడివే.

వాయించేదెవరన్నది అసలు సంగతి. రోమాలు మొల్దావియాలో 1855 దాకా, వలాకియాలో 1856 దాకా బానిసలు. దొరల విందుల్లో వాయించిన లౌతారీల్లోనూ బానిసలున్నారు. మనమేం తక్కువ తినలేదు. సన్నాయి మోగందే తాళి కట్టం, అది వాయించేవాడి కులం పేరేమో తిట్టుకి వాడతాం.

సెర్బియాలోని గూచాలో 1961లో బూరల పోటీలు మొదలయ్యాయి. బొబాన్ మార్కోవిచ్ లాంటి రోమాలు అక్కడ గెలిచి దేశదేశాలు తిరిగారు. మన పెళ్ళి వీడియోల్లో బ్యాండువాళ్ళు అరగంట కనిపిస్తారు, బ్యాండు మేస్త్రీ పేరు మాత్రం ఎక్కడా పడదు.