అయ్యగారి బదిలీ: పల్లె చర్చి చరిత్రలో మనం చదవని పుటలు

తెలుగునాట క్రైస్తవ సంఘాల చరిత్ర పేరుతో ఇంతవరకూ మనకు వచ్చిన పుస్తకాల్లో అధికభాగం మిషనరీల చరిత్రలు, బిషప్పుల చరిత్రలు. ఎవరు ఏ సంవత్సరం ఓడ దిగారు, ఎవరు ఏ బడి పెట్టారు, ఏ గుడికి ఎవరు రాయి వేశారు అన్న సంగతులు వాటిలో దండిగా దొరుకుతాయి. ఆ గుడిలో చాపమీద కూర్చుని పాట పాడిన మనిషి మాత్రం దొరకడు. రాజుల జాబితాలను చరిత్రగా ఒప్పుకోని మన అభ్యుదయ విమర్శకులు ఈ జాబితాల జోలికి పోలేదు. మతం గురించి మార్క్స్ రాసినదాంట్లో ఒక్క ముక్కను పట్టుకుని, మిగతా పేరా చదవకుండా పక్కన పెట్టేయడం మనకు సులువైంది. చర్చి అంటే సామ్రాజ్యవాదపు తోక అని ఒక మాట అనేసి మాలపల్లెలోంచి, మాదిగగూడెంలోంచి నడిచి వెళ్ళిపోయాం.

తిరుమలాయపాలెంలో బడిపంతులుగా ఉంటూ చుట్టుపక్కల పల్లెల వాళ్ళతో మసలుతున్న నాకు ఈ లోటు బాగా తెలిసివచ్చింది. మాకు డోర్నకల్ దూరం కాదు. ఇక్కడి ముసలివాళ్ళు కాలాన్ని రెండు రకాలుగా లెక్కపెడతారు. ఒకటి కరువులు, రజాకార్లు, పోలీసు చర్య. రెండోది ‘ఫలానా అయ్యగారు ఉన్నప్పుడు’. పాస్టరును ఇక్కడ ‘అయ్యగారు’ అంటారు, ఆయన భార్యను ‘అమ్మగారు’ అంటారు. ఒక అయ్యగారు పోయి మరొక అయ్యగారు రావడం ఆ జనం దృష్టిలో యుగం మారడం. బిషప్పుల చరిత్రలో దానికి ఒక వాక్యం కూడా ఉండదు. ఈ వ్యాసం ఆ మార్పు గురించి.

ముందు కొంత పూర్వరంగం చెప్పుకోవాలి. 1841లో బందరులో చర్చి మిషనరీ సొసైటీ పని ప్రారంభించినప్పుడు రాబర్ట్ నోబుల్ చూపు అగ్రవర్ణాల పిల్లల మీద ఉంది. మన ప్రాంతంలో కథ వేరుగా నడిచింది. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని, తమ చందాలతో, తమ మనుషులతో నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి వచ్చారు. ఆ సొసైటీని స్థాపించినవాళ్ళలో ఒకడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో గురుత్వం తీసుకుని స్వయంగా ఇక్కడికే వచ్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఒక నల్లవాడి చేతికింద తెల్లవాళ్ళు పనిచేయడమా అని గొణిగినవాళ్ళు అప్పట్లో తక్కువేమీ కాదు. మొదట్లో ఆయనకు అప్పగించినది చాలా చిన్న ప్రాంతం. 1920ల నాటికి ఖమ్మం, దుమ్ముగూడెం మొదలుకొని కృష్ణా తీరం దాకా సంఘాలు ఆయన కిందికి వచ్చాయి. 1945 జనవరి 1న ఆయన చనిపోయేనాటికి ఆ అధ్యక్షమండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వాళ్ళలో అత్యధికులు మాలలు, మాదిగలు. దొర ముందు చెప్పులు విడిచినవాళ్ళు, వెట్టికి పోయినవాళ్ళు.

ఇంతమందికి బిషప్ ఎలా తెలుస్తాడు? ఏడాదికో, రెండేళ్ళకో కన్ఫర్మేషన్ ఇవ్వడానికి వచ్చినప్పుడు తెలుస్తాడు. రోజూ తెలిసేది ఊళ్ళో ఉన్న పంతులు. ఉపదేశి అని కూడా అంటారు. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు ప్రార్థన, రెండూ అతని పనే. చాలాచోట్ల అతని భార్య కూడా ఆడవాళ్ళకు చదువు చెప్పేది. ఈ పంతుళ్ళు పదిమందో ఇరవైమందో ఉన్న పల్లెలన్నిటిమీదా ఒక పాస్టరు. దాన్ని పాస్టరేటు అంటారు. అయ్యగారు సైకిలుమీదో ఎడ్లబండిమీదో తిరుగుతూ నెలకో రెండు నెలలకో ఒక్కో ఊరికి వచ్చేవాడు. వచ్చిననాడే ప్రభు సంస్కారం, వచ్చిననాడే బాప్తిస్మాలు, వచ్చిననాడే పెళ్ళిళ్ళు, తగవులు.

ఈ ఏర్పాటులో అయ్యగారి చేతిలో మూడు అధికారాలుండేవి. సంస్కారం ఇచ్చే అధికారం మొదటిది. అది దీక్ష పొందినవాడికే తప్ప పంతులుకు లేదు. రెండోది కాగితం మీది అధికారం. కలెక్టరుకో తాలూకాదారుకో అర్జీ రాయగలిగినవాడు, రాసినది పై అధికారి చదువుతాడన్న భరోసా ఉన్నవాడు ఆ పల్లెల్లో ఆయనొక్కడే. వెట్టి బాధలో మిషన్ మనిషి అండ దొరుకుతుందన్న ఆశ మతం మారడానికి ఒక కారణమని మిషన్ వాళ్ళే ఒప్పుకున్నారు. దీన్ని ఎత్తిపొడుపుగా వాడేవాళ్ళను చూస్తే నాకు ఆశ్చర్యం. వెట్టి తప్పించుకోవాలనుకోవడం కన్నా పవిత్రమైన కోరిక ఆ రోజుల్లో మాదిగకు ఇంకేముంటుంది? మూడోది డబ్బు లెక్క. అజరయ్య స్వయంపోషణ విషయంలో పట్టుదల ఉన్నవాడు. ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశాడు. ఆదివారం కానుక, పొయ్యిమీద కుండ పెట్టేముందు తీసి ఉంచిన పిడికెడు బియ్యం, కోతపండుగకు మోసుకొచ్చిన జొన్నలు, కోళ్ళు, గుమ్మడికాయలు అన్నీ వేలం వేస్తే వచ్చిన సొమ్ము పాస్టరేటు ఖాతాకు చేరేది. కూలివాడి చేతినుంచి కానుక అడగడం దోపిడీ కాదా అని మిత్రుడొకడు నన్ను నిలదీశాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే అప్పటిదాకా పుచ్చుకోవడమో, లాక్కోబడడమో తప్ప ఇచ్చే హోదా ఎరుగనివాడు, తన జొన్నలకు నలుగురిలో వేలంపాట జరుగుతుంటే ఏమనుకుని ఉంటాడో కూడా చూడాలి.

అయ్యగారికి బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే ఈ మూడు అధికారాలూ ఒక్కసారిగా కదులుతాయి. సంఘపెద్దలు రెండుగా చీలేది అప్పుడే. ‘ఈయన్నే ఉంచండి’ అని డోర్నకల్‌కు ఒక బృందం బయలుదేరుతుంది. ‘ఈయన్ను తీసుకెళ్ళండి’ అని మరో బృందం అప్పటికే అక్కడ చెట్టుకింద కూర్చుని ఉంటుంది. నేను విన్నంతలో ఈ తగాదాల్లో వేదాంతం ఎక్కడా లేదు. లెక్కలున్నాయి, బడి పంతులు ఉద్యోగాలున్నాయి, కులం ఉంది. మాల అయ్యగారు పోయి మాదిగ అయ్యగారు వస్తే, మాదిగ అయ్యగారు పోయి మాల అయ్యగారు వస్తే, ఒకే పాత్రలోని ద్రాక్షరసం తాగే చేతులు కొన్ని వెనక్కి పోయిన సందర్భాలు ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. ఊరిబయటికి నెట్టిన వ్యవస్థ చర్చి గుమ్మం దగ్గర ఆగిపోలేదు. ఈ సంగతి రాయడానికి క్రైస్తవ రచయితలు మొహమాటపడ్డారు, మనవాళ్ళకు పట్టలేదు.

పాత అయ్యగారు వెళ్ళి కొత్త అయ్యగారు రాకముందు కొన్ని నెలల ఖాళీ ఉంటుంది. చరిత్రకారుడికి ఆ ఖాళీయే ముఖ్యమని నా అభిప్రాయం. సంస్కారం ఉండదు. పెళ్ళిళ్ళు ఆగుతాయి, లేదా పక్క పాస్టరేటు అయ్యగారిని బతిమాలి తెచ్చుకుంటారు. చావు మాత్రం ఆగదు కదా. పంతులే సమాధి ప్రార్థన చదువుతాడు. పంతులు బలహీనుడైతే ఎవరో ఒక ముసలి సంఘపెద్ద లేచి, అక్షరం రాకపోయినా, ప్రార్థన క్రమమంతా పొల్లుపోకుండా కంఠతా చెబుతాడు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు పుస్తకం లేకుండా పాడే ముసలమ్మలు ఆ నెలల్లో సంఘాన్ని నిలబెట్టారు. మౌఖిక సాహిత్యం గురించి సెమినార్లు పెట్టుకునే మనం ఈ కంఠస్థ సంప్రదాయాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తెలుగు ఎం.ఏ. చదివే పిల్లలకు ఇది పరిశోధనాంశం కాకపోవడం వింతగా ఉంటుంది నాకు.

1945లో ఇదే మార్పు పైస్థాయిలో జరిగింది. భారతీయ బిషప్ పోయాక ఆ పీఠం మీదికి ఎ.బి. ఇలియట్ అనే ఇంగ్లీషువాడు వచ్చాడు. దేశమంతా తెల్లవాడు పోవాలంటున్న రోజుల్లో డోర్నకల్‌కు మాత్రం తెల్లవాడు రావడం చరిత్ర వేసిన పరిహాసం. 1955 దాకా ఆయన ఉన్నాడు. తెలంగాణ సాయుధ పోరాటం, పోలీసు చర్య, నిజాం పాలన అంతం, ఖమ్మం జిల్లా పుట్టుక అన్నీ ఆ పదేళ్ళలోనే. పోరాట చరిత్రలు రాసినవాళ్ళు ఏ దళంలో ఎవరున్నారో ఊరూరా తిరిగి రాశారు. దళానికి అన్నం పెట్టిన మాదిగవాడల్లో ఆదివారం ప్రార్థన జరిగేదా, పంతులు ఎటువైపు నిలిచాడు అని అడిగి రాసుకున్నవాళ్ళు నా ఎరికలో లేరు. చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు బతికి లేరు.

ఆ పదేళ్ళలోనే ఇంకో పెద్ద మార్పు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, అంతకుముందే కలిసిన ప్రెస్బిటేరియన్-కాంగ్రిగేషనల్ సంఘాలు ఏకమై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. చర్చలు సుమారు ముప్పై ఏళ్ళు సాగాయి. ఎక్కడ చిక్కుపడ్డాయో చూడండి: ఎవరి చేతిమీదుగా దీక్ష పొందినవాడు ఎవరికి సంస్కారం ఇవ్వవచ్చు? అంటే పల్లెలో కొత్త అయ్యగారు వచ్చినప్పుడు లేచే ప్రశ్నే. చివరికి, అలవాటులేని పద్ధతి పరిచారకుణ్ణి ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి విరుద్ధంగా రుద్దబోమని హామీ రాసుకుని కలిశారు. అయినా నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది కలవలేదు. 1963లో వాళ్ళకు వేరే అధ్యక్షమండలమే ఏర్పడింది. ఆ విభేదాన్ని మొండితనంగా కొట్టిపారేసిన రాతలు చూశాను. తమ అయ్యగారెవరో నిర్ణయించుకునే హక్కు కోసం రాయలసీమ పల్లెల దళితులు కొందరు పైవాళ్ళను కాదన్నారన్న కోణం కూడా అందులో ఉంది.

ఐక్య సంఘం 1950లో కొత్త సంస్కార క్రమం తెచ్చింది. అందులో ఒక ఏర్పాటు నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. గురువు బల్లవెనుక జనం వైపు తిరిగి నిలబడతాడు. సమాధానం చెప్పేటప్పుడు చేతులతో చేతులు పట్టుకుంటారు. ఆ స్పర్శ ఒకరినుంచి ఒకరికి గుడి చివరిదాకా పోతుంది. భారత రాజ్యాంగం పదిహేడో అధికరణంతో అంటరానితనాన్ని రద్దుచేసి అమలులోకి వచ్చింది కూడా ఆ ఏడాదే.

అదే 1950లో వచ్చిన మరొక ఉత్తర్వు ఆ చేతులను విడదీసింది. హిందూ మతం తప్ప వేరే మతం అవలంబించేవాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడని రాష్ట్రపతి ఉత్తర్వు చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రంలో 1970 నుంచి వాళ్ళను వెనుకబడిన తరగతుల ‘సి’ గ్రూపులో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. షెడ్యూల్డ్ తెగలకు ఈ మతం షరతు లేదు. కాబట్టి మా జిల్లా ఈ చివర క్రైస్తవుడైన మాదిగ చట్టం దృష్టిలో ఎస్.సి. కాకుండా పోతాడు. భద్రాచలం అడవి అంచున క్రైస్తవుడైన కోయ ఎస్.టి.గానే ఉంటాడు. గోదావరి నౌకాయానం పనులమీద దుమ్ముగూడెంలో ఉన్న ఇంజనీరు హేగ్ 1860 ప్రాంతంలో కోయల కోసమని మిషన్ మొదలుపెట్టించినప్పుడు, తర్వాత జాన్ కెయిన్ 1876లో ఇండియన్ ఆంటిక్వరీలో ఆ తాలూకాల గురించి రాసినప్పుడు, ఇలాంటి గీత ఒకటి పడుతుందని ఎవరూ అనుకుని ఉండరు.

ఈ ఉత్తర్వు తర్వాత అయ్యగారి చేతిలోని రిజిస్టరుకు అర్థం మారిపోయింది. బదిలీనాడు పాత అయ్యగారు కొత్త అయ్యగారికి అప్పగించే వస్తువుల్లో సంస్కార పాత్ర, పళ్ళెం, గుడి తాళంచెవి, లెక్కల పుస్తకం, బాప్తిస్మాల రిజిస్టరు, పెళ్ళిళ్ళ రిజిస్టరు, సమాధుల రిజిస్టరు ఉంటాయి. కరణం దస్త్రంలో ‘మాదిగ ఎల్లడు’ అన్న పేరుకు మించి చోటులేని మనిషికి, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, తేదీతో సహా ఒక వరుస దొరికింది ఆ పుస్తకాల్లోనే. చాలా కుటుంబాలకు మూడు తరాల వెనక తమ ఆడవాళ్ళ పేర్లు తెలియజేసే కాగితం అదొక్కటే. అలాంటి కాగితాన్నే ఇప్పుడు కొందరు చూసి భయపడుతున్నారు. ఉద్యోగం వచ్చిన కొడుకు పేరు బాప్తిస్మాల రిజిస్టరులో ఉందంటే ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమోనని. పిల్లకు బాప్తిస్మం ఇవ్వండి గానీ పుస్తకంలో ఎక్కించకండి అని కొత్త అయ్యగారిని వేడుకునే తండ్రులున్నారు. ఎక్కించని అయ్యగారు మంచివాడు, ఎక్కించే అయ్యగారు కఠినుడు అన్న పేరు పడుతుంది. తాతల పేర్లు మొదటిసారి రాసి నిలబెట్టిన పుస్తకంలోంచి మనవలు తమంతట తామే తప్పుకుంటున్నారు.

జాషువాకు 1964లో క్రీస్తు చరిత్రకు అకాడమీ బహుమతి ఇచ్చి గౌరవించిన తెలుగు సాహిత్యంలో ఈ రిజిస్టరు కథ రాలేదు. మాలపల్లి వచ్చి వందేళ్ళు దాటింది. డోర్నకల్‌కు దగ్గరి చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్ళులో గడీని మన కళ్ళముందు పెట్టాడు. జి. కల్యాణరావు అంటరాని వసంతం 2000లో వచ్చాక దళిత క్రైస్తవ జీవితం నవలలోకి బలంగా ప్రవేశించింది. కానీ ఎడ్లబండి మీద పెట్టె, దాంట్లో మూడు రిజిస్టర్లు పెట్టుకుని ఊరి పొలిమేర దాటిన అయ్యగారు ఇంకా ఏ కథలోకీ రాలేదు.

చెదలు ఆ పుస్తకాలను తినేస్తున్నాయి. కొన్నిచోట్ల పాస్టరేటు రెండుగా చీలినప్పుడు పాత రిజిస్టరు ఎవరి దగ్గర మిగిలిందో తేలక బీరువా తాళం పగలగొట్టారు. ఏ పుస్తకమైనా చదువుకోవాలని వెళ్ళే విద్యార్థులకు ఒక్క మాట: ముందు సంఘపెద్దల అనుమతి తీసుకోండి. 1950కి ముందు పుటలే చూడండి. తర్వాత పుటల్లోని పేర్లు ఎక్కడా అచ్చువేయకండి. బడిలో నా చేతికింద ఉన్న అడ్మిషన్ రిజిస్టరులో కులం గడి, మతం గడి పక్కపక్కనే ఉంటాయి. జూన్ నెలలో తల్లులు పిల్లల్ని తీసుకొచ్చినప్పుడు మొదటి గడికి వెంటనే జవాబిస్తారు. రెండో గడి దగ్గర కాసేపు ఆగి, ‘మీరే రాయండి సారూ’ అంటారు.