గాజుపలక మీద నీహారిక

కొత్త పెళ్ళికూతుర్ని భర్త అద్దం కోసం బయల్దేరదీస్తే, మొహం చూసుకునే అద్దమేననుకుంటుంది ఎవరైనా. 1867లో న్యూయార్కులో హెన్రీ డ్రేపర్‌ని చేసుకున్న అన్నా పామర్ మాత్రం, టెలిస్కోపులో అమర్చే 28 అంగుళాల అద్దానికి గాజుబిళ్ళ ఎంచడానికి ఆయనతో వెళ్ళింది!

హెన్రీ వైద్యం చదివి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. ఆకాశం ఆయన సరదా. హడ్సన్ నది ఒడ్డున, హేస్టింగ్స్‌లో సొంత వేధశాల ఉండేది. అప్పట్లో ఫొటోకి గాజుపలక మీద కొలోడియన్ పూసి, తడి ఆరకముందే పని ముగించాలి. ఆ పూత పూసేది అన్నాయే. చంద్రుడికైతే అంత వ్యవధి చాలు. నీహారిక వెలుగు మరీ పల్చన, బొట్టుబొట్టుగా చేరాలి. పొడి పలకలు వచ్చాక గానీ ఆ చిక్కు తీరలేదు.

1880 సెప్టెంబరు 30న, మన మృగశిర, ఆరుద్ర ఉండే నక్షత్రాల గుంపులోని ఓరియన్ నీహారిక వైపు 51 నిమిషాలు పలకని తెరిచి ఉంచారు హెన్రీ. చుక్కలు జరుగుతూంటాయి కదా, టెలిస్కోపూ గడియారపు యంత్రంతో వాటి వెంట జరగాలి. లోకంలో నీహారికకి తీసిన మొదటి ఫొటో అదే. 1882 మార్చిలో 137 నిమిషాలు ఓపిక పడితే మసక అంచులూ తేలాయి.

ఆ నవంబరులోనే హెన్రీ పోయారు. 45 ఏళ్ళు. పిల్లల్లేరు. నా నవలలో అయితే ఆవిడ చేత వేధశాలకి తాళం వేయించేదాన్నేమో! అన్నా అలా చెయ్యలేదు. 1886 నుంచి హార్వర్డ్ వేధశాలకి డబ్బిచ్చి, భర్త పేరుతో నక్షత్రాల పరిశీలన సాగించింది. ఆ పని చేసినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే. అధిపతి ఇంట్లో ఒకప్పుడు పనిమనిషిగా చేసిన విలియమినా ఫ్లెమింగ్, 1888 నాటి పలక మీద నల్లని నొక్కొకటి గమనించింది. ఓరియన్‌లోని గుర్రపుతల నీహారిక అదే.

2,25,300 నక్షత్రాల 'హెన్రీ డ్రేపర్ పట్టిక' 1918-24 మధ్య అచ్చయింది. అన్నా 1914లోనే వెళ్ళిపోయింది.

ఇప్పటి ఔత్సాహికులు డాబా మీద కెమెరా పెట్టి, వందల ఫొటోలు కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చి మసక వెలుగుని రాబడుతున్నారు. ఆండ్రోమెడా పక్కన అంతవరకూ ఎవరికీ తెలియని వెలుగు చారని 2022లో అలాంటివాళ్ళే పట్టుకున్నారు. పనిముట్లు మారినా ఓపిక అదే.

పట్టిక మీద మాత్రం అన్నా పేరు లేదు. కాస్త ఎక్కువసేపు చూస్తేనే ఆవిడా కనిపిస్తుంది.