యుక్తవయస్సు – హయా – విద్య

ఇమామ్ బుఖారీ (క్రీ.శ. 810–870) తమ హదీసు సంకలనంలోని విద్యా ప్రకరణం ముగింపునకు వస్తున్న చోట రెండు చిన్న అధ్యాయాలను పక్కపక్కనే ఉంచారు. మొదటిది విద్య విషయంలో సిగ్గును గురించినది. రెండవది, సిగ్గుపడి తాను అడగలేక మరొకరిచేత అడిగించిన వారిని గురించినది. శరీరశుద్ధికీ, స్నానానికీ, ఋతుస్రావానికీ ఆ గ్రంథంలో వేరే ప్రకరణాలు ఉండనే ఉన్నాయి. అయినా యౌవనంతో ముడిపడిన ప్రశ్నలను ఆయన ముందుగా విద్య శీర్షిక క్రిందికి తెచ్చారు. గ్రంథకర్తల ఉద్దేశాలు చాలాసార్లు వారి మాటల్లో కంటే వారి అమరికలోనే తెలుస్తాయి.

మొదటి అధ్యాయంలో హజ్రత్ అనస్ (రజి) తల్లి ఉమ్మె సులైమ్ (రజి) దైవప్రవక్త (సల్లం) సన్నిధికి వస్తారు. సత్యం విషయంలో అల్లాహ్ సంకోచించడని ముందుగానే చెప్పుకొని, పురుషునికి వలె స్త్రీకి నిద్రలో స్ఖలనమైతే ఆమె కూడా స్నానం చేయవలెనా అని అడుగుతారు. తడి కనిపించినట్లయితే చేయవలెనని జవాబు వస్తుంది. అక్కడే ఉన్న విశ్వాసుల మాత ఉమ్మె సలమా (రజి) సిగ్గుతో ముఖం కప్పుకొని, స్త్రీకి కూడా అలా జరుగుతుందా అని ఆశ్చర్యపోతారు. జరగకపోతే బిడ్డకు తల్లి పోలిక ఎలా వస్తుందని ప్రవక్త (సల్లం) ఎదురు ప్రశ్న వేస్తారు. ముఖం కప్పుకొన్న ఆ ఉమ్మె సలమాయే ఈ సంఘటనను తరువాతి తరానికి అందజేశారు. ఆమె సిగ్గు ఆమె నోటికి అడ్డు రాలేదు.

రెండవ అధ్యాయం హజ్రత్ అలీ (రజి)కి సంబంధించినది. ఆయన యువకుడు. కోరిక కలిగినప్పుడు వెలువడే పలుచని ద్రవం (మజీ) ఆయనను తరచు బాధించేది. దీనికి స్నానం చేయాలా, వుజూ చాలునా అన్నది సందేహం. అడగవలసినవారేమో స్వయానా మామగారు. అందుచేత ఆయన మిఖ్దాద్ (రజి)చేత అడిగించారు. వుజూ చాలునని జవాబు వచ్చింది. అలీ సిగ్గు నిలిచింది, విద్యా దొరికింది.

ఇటువంటిదే అన్సారు స్త్రీ ఒకరి ఉదంతం. ఇమామ్ ముస్లిం సంకలనంలోని ఒక ఉల్లేఖనం ఆమె పేరు అస్మా బిన్తె షకల్ అని చెబుతుంది. ముట్టు ముగిసిన తరువాత స్నానం ఎలా చేయాలని ఆమె అడిగితే, కస్తూరి అద్దిన గుడ్డతో శుభ్రం చేసుకోవాలని ప్రవక్త (సల్లం) చెప్పారు. ఎలా అని ఆమె మళ్లీ అడిగారు. ఆయన బిడియపడి ముఖం తిప్పుకొన్నారు. అప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ఆమెను తనవైపు లాక్కొని, రక్తపు జాడ ఎక్కడున్నదో అక్కడ తుడుచుకోవాలని విడమరచి చెప్పారు. ధర్మజ్ఞానం పొందడానికి సిగ్గును అడ్డు రానివ్వని అన్సారు స్త్రీలను మెచ్చుకొన్నది కూడా ఈ ఆయిషాయే. మూడు సందర్భాల్లోనూ సిగ్గు ఉన్నది. దాని పేరిట ప్రశ్నను మూసివేయడం మాత్రం ఒక్క చోటా లేదు. ఒకరి నోటి నుండి రాలేని మాట మరొకరి నోటి నుండి వచ్చింది.

ఈ విద్య ఎందుకంత అవసరమైనదో గ్రహించాలంటే బులూగ్ అనే హద్దును చూడాలి. యుక్తవయస్సు లక్షణం కనిపించిన క్షణం నుండి నమాజు, ఉపవాసం విధి అవుతాయి. శుద్ధి లేనిదే నమాజు లేదు. కనుక గుస్ల్ ఎప్పుడు తప్పనిసరి అవుతుందో పిల్లవాడికి, ముట్టు రోజుల్లో నమాజు లేదనీ, వదలిన ఉపవాసాలను తరువాత పూర్తి చేసుకోవాలనీ ఆడపిల్లకు ఆ రోజుకే తెలిసి ఉండాలి. అంటే ముందే చెప్పి ఉండాలి. పదేళ్లకే పిల్లల పడకలు వేరు చేయమన్న ప్రవక్త ఆదేశం, యుక్తవయస్సుకు రాని పిల్లలు కూడా మూడు ఏకాంత వేళల్లో అనుమతి అడిగి లోపలికి రావాలన్న నూర్ సూరా ఆదేశం ఈ ముందుచూపు లోనివే.

హద్దుకు వయస్సు నిర్ణయించడంలో ధర్మవేత్తలు ఏకీభవించలేదు. హి.శ. 3లో ఉహద్ యుద్ధానికి పద్నాలుగేళ్ల ఇబ్నె ఉమర్ (రజి)ని అనుమతించలేదు, హి.శ. 5లో ఖందఖ్ నాటికి పదిహేనేళ్లు రాగా అనుమతించారు. ఈ సంగతిని నాఫె ద్వారా విన్న ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (క్రీ.శ. 717–720) పిన్నలకూ పెద్దలకూ మధ్య ఇదే హద్దు అని తన అధికారులకు వ్రాశారు. శారీరక లక్షణాలు కనిపించనప్పుడు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ పదిహేనేళ్లే ప్రమాణమన్నారు. వారి గురువు ఇమామ్ అబూ హనీఫా మాత్రం అబ్బాయికి పద్దెనిమిది, అమ్మాయికి పదిహేడు అన్నారు.

ఐతే దేహం ఎదగడమే ఎదుగుదల కాదు. అనాథల ఆస్తిని గురించి నిసా సూరా చెప్పినప్పుడు, వివాహ వయస్సు చేరడంతో పాటు వారిలో రుష్ద్, అనగా మంచిచెడుల వివేచన, కనిపించాలని కూడా చెప్పింది. మన వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో బులూగ్ ప్రస్తావన వచ్చినంతగా రుష్ద్ ప్రస్తావన రాదు. 1917 నాటి ఉస్మానీ కుటుంబ చట్టం ఈ తేడాను పట్టించుకొన్నది. వివాహ అర్హతకు అబూ హనీఫా చెప్పిన పద్దెనిమిది, పదిహేడేళ్లనే తీసుకొని, అంతకు తక్కువ వయస్సువారికి న్యాయమూర్తి అనుమతిని తప్పనిసరి చేసింది. పన్నెండేళ్లు నిండని అబ్బాయికి, తొమ్మిదేళ్లు నిండని అమ్మాయికి పెళ్లి చేయడాన్ని పూర్తిగా నిషేధించింది. ఈ నిషేధానికి ఆధారంగా అది ఇబ్నె షుబ్రుమా వంటి పూర్వ ధర్మవేత్తల అభిప్రాయాన్ని స్వీకరించింది.

ఆ వివేచనను పిల్లల్లో పెంచిన తీరు కూడా హదీసుల్లో ఉన్నది. ఒక యువకుడు వచ్చి వ్యభిచారానికి అనుమతి ఇమ్మని బాహాటంగా అడిగాడు. చుట్టూ ఉన్నవారు గద్దించారు. ప్రవక్త (సల్లం) అతణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని, నీ తల్లికి ఇది సమ్మతమా, నీ కూతురికి, నీ చెల్లెలికి సమ్మతమా అని ఒక్కొక్కటే అడిగి, అతని ఛాతీపై చేయి ఉంచి దుఆ చేశారు. ఇమామ్ అహ్మద్ ముస్నద్‌లోని ఈ ఉల్లేఖనంలో శిక్ష ప్రసక్తే లేదు. హి.శ. 10లో హజ్ సమయంలో ఫజ్ల్ బిన్ అబ్బాస్ (రజి) ఒక యువతిని చూస్తూ ఉండిపోతే, ఆయన ముఖాన్ని చేతితో పక్కకు త్రిప్పారు. ఆ యువతి తన వృద్ధ తండ్రి హజ్ గురించి అడిగిన ప్రశ్నకు జవాబు కూడా చెప్పారు.

స్త్రీ ఇష్టానికి విలువ ఎంతో తెలిపే సంఘటన బరీరా (రజి)ది. దాస్యం నుండి విముక్తి పొందాక ఆమె తన భర్త ముగీస్‌ను వదలివేశారు. అతను గడ్డం తడిసేలా ఏడుస్తూ మదీనా వీధుల్లో ఆమె వెంట తిరిగాడు. ప్రవక్త (సల్లం) మళ్లీ కలవవచ్చు కదా అన్నారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమే అన్నారు. ఐతే నాకు అతని అవసరం లేదన్నారామె. అంతటితో ఆ మాట ముగిసింది. ఎదిగే ఆడపిల్లలకూ, వారి అన్నదమ్ములకూ ఈ సంఘటనను కథగా చెప్పే ఇళ్లు ఎన్ని?

తెలుగునాట పరిస్థితి ఒక విధంగా విచిత్రమైనది. పిల్ల పెద్దమనిషి అయితే సమర్త పేరిట పేరంటాలు చేసి ఊరందరికీ తెలియజేసే ఆచారం ఇక్కడ ఉన్నది. ఊరికి తెలిసిన సంగతి గురించి పిల్లకు ఒక్క ముక్కా ముందుగా చెప్పని ఇళ్లూ ఉన్నాయి. పైగా బహిష్టు అన్న మాటలోనే 'బయట' ఉన్నది. మదీనాలో కూడా ముట్టయిన స్త్రీలతో కలిసి భోజనం చేయని, ఒకే ఇంట ఉండని అలవాటు యూదుల్లో ఉండేది. సహాబీలు దాన్ని గురించి అడిగినప్పుడు బఖరా సూరా వాక్యం అవతరించింది. దాంపత్య సంపర్కం ఒక్కటి తప్ప మిగతా అన్నిటికీ ప్రవక్త (సల్లం) అనుమతి ఇచ్చారు. హజ్రత్ ఆయిషా ముట్టులో ఉండగా ఆమె ఒడిలో తలపెట్టుకొని ఆయన ఖుర్ఆన్ పఠించేవారు. ఆమె పెదవి ఆనించి త్రాగిన చోటనే తామూ త్రాగేవారు.

భారతదేశంలో ఈ విద్యను ఆడపిల్లల చేతికి అందించిన ఉర్దూ గ్రంథాల్లో మౌలానా అష్రఫ్ అలీ థానవీ (1863–1943) గారి 'బిహిష్తీ జేవర్' ముఖ్యమైనది. (బిహిష్త్ అంటే స్వర్గం, పైన చెప్పిన తెలుగు మాటతో దీనికి ధ్వనిసామ్యమే గాని సంబంధం లేదు.) ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో పది భాగాలుగా వెలువడిన ఈ గ్రంథంలో వుజూ, నమాజులతో పాటే హైజ్, నిఫాస్, గుస్ల్ మసాయిల్ దాపరికం లేకుండా ఉన్నాయి. స్త్రీల చదువు విషయంలో థానవీ గారు ఆధునికులు కారు. ఎన్నో సంగతుల్లో ఆయన కట్టుబాట్లు బహు గట్టివి. అటువంటి వారే ఈ పాఠాన్ని ఆడపిల్లల పుస్తకంలో ఉంచారంటే, అది పడమటి గాలి తెచ్చినది కాదని స్పష్టం. పైగా, చెప్పేవారు పురుషులైతే ఏం చేయాలో కూడా ఆయన సూచించారు: సిగ్గుపడవలసిన మసాయిల్‌ను తన భార్య ద్వారా చెప్పించాలి, లేదా తరువాత స్వయంగా చూసుకోమని విద్యార్థినికి చెప్పాలి. మిఖ్దాద్‌ను పంపిన అలీ పద్ధతే ఇది.

కాలక్రమంలో ఆ గ్రంథానికి ఒక గౌరవం దక్కింది, దాని వెంట ఒక నష్టమూ వచ్చింది. ఖుర్ఆన్ ప్రతితో పాటు పెళ్లికూతురి సామానులో దాన్ని పెట్టి పంపడం ఆనవాయితీ అయింది. ఆడపిల్లల పాఠ్యగ్రంథంగా వ్రాసినది పెళ్లి కానుకగా మారింది. బులూగ్ తొమ్మిదేళ్ల నుండే రావచ్చునని ఫిఖ్హ్ చెబుతుండగా, దాని మసాయిల్ ఉన్న పుస్తకం ఆమె చేతికి అత్తవారింటికి బయలుదేరే రోజున అందింది. ఇంట తెలుగే మాట్లాడుతూ, ఉర్దూ చదవని కుటుంబాల్లోనైతే ఆనాటికైనా అది తెరుచుకోలేదు.