బానపొయ్యి కాక

మంజీర గోదావరిలో గలియు కందకుర్తికి అనతిదూరమున, నాందేడు జిల్లా బిలోలి తాలూకాలో నున్న కుండల్‌వాడి, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమునను, పిదప బొంబాయి రాష్ట్రమునను, 1960 మే 1 నుండి మహారాష్ట్రమునను చేరినదైనను, తెలుగు మాటను విడువని కుటుంబములకు నేటికిని నెలవైయున్నది. ఇట్టి సరిహద్దు సీమల చరిత్రను సంస్థానాధిపతుల పేళ్ళతో వ్రాయుట మనకలవాటు. ఆ సీమల బట్టలను తరతరములుగా తెల్లజేసిన చాకలివారి విద్యను గూర్చి వ్రాసినవారు మిక్కిలి యరుదు. ఏ బట్టకెంత కాక తగునో నిర్ణయించుట ఆ విద్యకు ప్రాణము.

తెలుగునాట రేవున జరిగిన పనిని గమనింపుడు. చౌటినేలపై తేలిన తెల్లని మన్నును, అనగా సహజమైన సోడాక్షారమును, నీటగలిపి, ముఱికి బట్టలను అందు తడిపి, మూతివెడల్పైన బానలో నీరుపోసి, ఆ బట్టలను దానిపై చుట్టలుచుట్టలుగా పేర్చి, పైన కప్పి, క్రింద రాత్రంతయు పొయ్యి రాజవేసెడివారు. బట్ట నీటిలో మునుగదు. నూరు డిగ్రీలకు చేరిన ఆవిరి పొరపొరలోనికి జొచ్చి, క్షారముతో కూడి, జిడ్డును విడగొట్టును. బానపై బట్ట చక్కగా ఉడికినదో లేదో చేతితో తాకియు, ఆవిరి వాసనను బట్టియు తెలిసికొనువారికి ఉష్ణమాపకముతో పనిలేకపోయెను. తెల్లవారిన పిదప బండపై ఉతుకుట, జాడించుట, నీలిమందు, గంజి.

అయితే అన్ని బట్టలును బాన కెక్కవు. నూలుబట్ట మరుగునకును క్షారమునకును ఓర్చును. పట్టును ఉన్నియు జంతుజన్యములగు మాంసకృత్తులతో నైనవగుటచే, వేడిక్షారము వాని పోగునే తినివేయును. కావున పట్టుచీరకు కుంకుడురసము, గోరువెచ్చని నీరు. రంగు కారు బట్టకు చల్లనీరు. నెత్తురు మరకకు సైతము చల్లనీరే, ఏలయన వేడి సోకినంతనే నెత్తుటిలోని మాంసకృత్తు గడ్డకట్టి పోగునకు అంటుకొనిపోవును. పుస్తకము చదువక, చేతిపనిలోనే ఈ భేదమును గ్రహించిన ఆ రజకుల బుద్ధికి నేను నమస్కరించుచున్నాను.

1959లో జర్మనీ రసాయనవేత్త హెర్బర్ట్ సిన్నర్, శుభ్రత యనునది వేడి, రసాయనము, రాపిడి, కాలము అను నాల్గింటి కూడికయనియు, ఒకటి తగ్గిన తక్కినవి పెరుగవలెననియు చక్రరూపమున నిరూపించెను. మన చాకలి చేసినదియు నదియే: ఖరీదైన సబ్బు చేతికందనందున, చౌక మన్నుతో, రాత్రంతయు కాకతో, ప్రొద్దంతయు రెక్కల కష్టముతో ఆ కొఱతను పూరించెను. ఆ 1959లోనే మనదేశమున సర్ఫ్ పొడియు, 1969లో నిర్మాయు వెలువడెను. ఈ పొడులతో చల్లనీటనే జిడ్డు విడుచుచుండగా బానపొయ్యిలు ఒక్కొక్కటిగ చల్లారినవి.

ఈ వృత్తికి మన వాఙ్మయమున గౌరవస్థానము లేకపోలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చాకలియగు మడివాలు మాచయ్యను మహాభక్తునిగా కీర్తించెను; ఆ మాచయ్య నడయాడిన కళ్యాణము మన సీమకు పొరుగుననే యున్న బీదరు మండలములోనిది. మహారాష్ట్రపు అమరావతి ప్రాంతమున పరీటుల, అనగా మరాఠీ చాకలివారి, ఇంట 1876లో జన్మించిన గాడ్గే మహారాజు చేత చీపురు పట్టి ఊరూరను ఊడ్చుచు శుచిత్వమును బోధించెను. గౌరవము గ్రంథములలో నిలిచెనేగాని, కూలి చేతికందలేదు. మరాఠీ పల్లెలలో పరీటు బలుతేదారుడై, అనగా ఊరుమ్మడి పనివాడై, పంటలో పిడికెడు గింజలకును, తెలంగాణమున చాకలి దొరల గడీలలో వెట్టికిని కట్టుబడియుండెను. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన కౌలుభూమి పంటకై విసునూరు దొరపై తిరుగబడుట ఆ వెట్టిపై లేచిన ధిక్కారమే.

మంజీర ఒడ్డు పల్లెలలో బానను పేర్చి కాక చూచిన వృద్ధులు ఇంకను కొందఱుందురు. చౌటిమన్ను పాళ్ళను, పొయ్యి మంట కొలతలను, వారాడు పలుకులలోనే, వారున్నప్పుడే, కుండల్‌వాడి యువకులు వ్రాసియుంచవలెనని నా ప్రార్థన.